పన్నెండు ఇరవైలు

ఆ బ్యాచ్‌లో ఆమెను అందరూ ‘నిమిషం’ అనేవాళ్ళు. అసలు పేరు హాజరు పట్టీలో ఉండిపోయింది. నర్సింగ్ చదివే ఆ ముప్ఫై మందిలో, రోగి ఊపిరి లెక్కపెట్టమంటే నిజంగా నిమిషం సేపు నిలబడి లెక్కపెట్టేది ఆమె ఒక్కతే. మొదట్లో అది వెక్కిరింపు. మూడో ఏడు వచ్చేసరికి వెక్కిరింపు అరిగిపోయి పేరు మిగిలింది.

ఊపిరి లెక్కపెట్టడంలో ఒక కిటుకుంది. చూస్తున్నట్టు రోగికి తెలియకూడదు. తెలిసిందా, ఎంత మొండివాడైనా ఊపిరి మార్చేస్తాడు. కొందరు గుండెల నిండా పీలుస్తారు, కొందరు బిగబడతారు. అందుకని ముందు మణికట్టు పట్టుకుని నాడి చూడాలి. నాడి చూడడం అయిపోయినా చెయ్యి వదలకూడదు. గడియారం వైపు చూస్తూనే కంటి చివరతో ఛాతీ మీది దుప్పటిని గమనించాలి. దుప్పటి ఒకసారి లేచి పడితే ఒకటి. అలా అరవై సెకన్లు.

ఆమెకు ఆ పని ఇష్టం. శ్రద్ధ అనుకునేవాళ్ళు అందరూ. అసలు సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. పొద్దున ఏడు నుంచి మధ్యాహ్నం రెండు దాకా ఆ ఒక్క నిమిషమే ఆమెను ఎవరూ పిలవరు. రోగి చెయ్యి పట్టుకుని గడియారం చూస్తున్న మనిషిని వార్డు ఇన్‌చార్జి కూడా కదిలించదు. నిలబడిన చోటే కాస్త సేద తీరవచ్చు. పన్నెండు మంచాలంటే పన్నెండు నిమిషాలు. దొంగతనంగా దాచుకున్న విశ్రాంతి అది.

అలసట ఆమెకు కొత్త కాదు. ఇంటర్ పాసయ్యాక చదువు ఆగిపోయింది. మూడేళ్ళు అమ్మతో కలిసి లాండ్రీలో దుప్పట్లు మడతపెట్టింది. అమ్మది ఇస్త్రీ బల్ల. పద్దెనిమిదేళ్ళుగా ఆ బల్ల ముందు నిలబడి నిలబడి అమ్మ కుడి మోకాలు ఎప్పుడూ గుమ్మడికాయలా ఉబ్బే ఉంటుంది. ఒకరోజు అమ్మే దరఖాస్తు కాగితం తెచ్చి బల్ల మీద పడేసి, “పో, చదువుకో. మడతలు నేను పెట్టుకుంటాలే,” అంది. అలా తనకంటే మూడేళ్ళు చిన్నవాళ్ళ మధ్య వచ్చి కూర్చుంది. ఎక్కువ మాట్లాడేది కాదు. అందరూ మాట్లాడుతుంటే చూసేది.

ఇప్పుడు అంతా చివరికి వచ్చింది. మగవాళ్ళ వార్డులో ఈ రెండు వారాల డ్యూటీ అయిపోతే, ఇన్‌చార్జి సిస్టర్ రికార్డు పుస్తకంలో సంతకం పెడితే, పుస్తకం కాలేజీకి వెళ్తుంది. తర్వాత పరీక్ష. ఆపైన ఒకటో తారీకున దగ్గర్లోని చిన్న ఆసుపత్రిలో చేరడం. అక్కడ మాట్లాడుకోవడం అయిపోయింది. “నువ్వు చేరిన రోజున నేను ఇస్త్రీ పెట్టె దించేస్తా,” అని అమ్మ లాండ్రీలో అందరికీ చెప్పేసింది. అక్కడివాళ్ళు ఆ తారీకును పెళ్ళి ముహూర్తంలా గోడ మీది క్యాలెండర్లో సున్నా చుట్టి పెట్టుకున్నారు.

పుస్తకాలు కాలేజీకి పంపాల్సింది శుక్రవారం నాలుగు గంటలకు. ఆ శుక్రవారమే ఇద్దరమ్మాయిలు రాలేదు.

“ఒకదానికి జ్వరమట, ఇంకొకదానికి దాని జ్వరం చూడ్డానికి వెళ్ళే పనట,” అంది మెరుపు, తల పిన్ను నోట్లో పెట్టుకుని. మెరుపు అంటే ఆమె జోడీ. ఇరవై నాలుగు మంచాల పని అరగంటలో తేల్చేస్తుంది కాబట్టి ఆ పేరు. “అక్కా, జ్వరం, నాడి నేను మిషన్‌తో లాగించేస్తా. ఊపిరి నీ డిపార్ట్‌మెంట్. సరేనా?”

“సరే.”

“నిమిషాలు నిమిషాలు నిలబడకు తల్లీ ఇవాళ. చచ్చిపోతాం.”

బట్టలు మార్చుకునే గదిలో బల్ల మీద ఫారాల కట్ట ఉంది. ‘వార్డు శిక్షణ ద్వారా నేర్చుకోవడంపై విద్యార్థుల అభిప్రాయం’ అని పైన అచ్చువేశారు. కింద ఇరవై ప్రశ్నలు, ఒక్కోదానికి ఒకటి నుంచి ఐదు దాకా అంకెలు. పేరు రాయనక్కర్లేదు. రికార్డు పుస్తకంతో పాటు అదీ ఇవ్వాలి.

“ఏం రాస్తున్నారే?” అని ఎవరో అడిగారు.

“అన్నీ నాలుగు,” అంది మెరుపు. “ఐదు పెడితే కాకాపడుతున్నాం అనుకుంటారు. మూడు పెడితే మీటింగు పెడతారు. నాలుగు పెడితే ఎవరూ చదవరు.”

అందరూ నవ్వారు. అందరూ నాలుగే చుట్టారు. నిమిషం కూడా షూ లేసు కట్టుకుంటూ, మోకాలి మీద కాగితం పెట్టుకుని, పైనుంచి కింద దాకా ఇరవై ప్రశ్నలకూ నాలుగు మీదే సున్నా చుట్టి, మడిచి జేబులో పెట్టుకుంది. ఒక్క ప్రశ్న కూడా చదవలేదు.

చదివినా ఏమని రాస్తుంది? క్లాసులో మూడేళ్ళు ఒకటి నేర్పారు. వార్డుకి వచ్చిన మొదటి రోజే, “అవన్నీ పరీక్షకు దాచుకోండమ్మా, ఇక్కడ పని కావాలి,” అన్నారు. మనిషిని నొప్పి పుట్టకుండా పక్కకు తిప్పడం ఆమెకు పుస్తకం నేర్పలేదు, ట్యూటర్ నేర్పలేదు. వార్డు ఊడ్చే ఆయమ్మ నేర్పింది. “మోకాలు ముందు మడవవే పిల్లా, మనిషి దానంతట అదే తిరుగుతుంది,” అని చీపురు పక్కన పెట్టి చూపించింది. ఆ ఫారంలో ఆయమ్మ గురించి ప్రశ్న ఉంటుందని ఆమె అనుకోలేదు.

వార్డులో అటు పన్నెండు మంచాలు, ఇటు పన్నెండు. ఆమె రెండు వారాలుగా పదమూడు నుంచి ఇరవై నాలుగు దాకా చూసేది. ఒకటి నుంచి పన్నెండు రాని అమ్మాయిలవి. ఇవాళ అవీ ఆమె మెడకే చుట్టుకున్నాయి.

తన వైపు పన్నెండూ మామూలుగానే లెక్కపెట్టింది. పద్దెనిమిది, పదహారు, ఇరవై రెండు, పందొమ్మిది. తర్వాత అటువైపు అడుగు వేయబోతే పిలుపు. రెండో మంచం ఆయన పక్క తడిపాడు. అది మార్చి వస్తే ఇంకో పిలుపు. ఆరో మంచానికి గంజి పట్టాలి, చుట్టాలెవరూ లేరు. తర్వాత పదకొండో మంచం పెద్దాయనను ఎక్స్‌రేకి తీసుకెళ్ళే బండికి చక్రం తిరగడం లేదని పిలుపు. ఆయమ్మ, ఆమె చెరో పక్క పట్టుకుని బండిని లిఫ్టు దాకా ఈడ్చుకెళ్ళారు.

పెద్దాయన ఒకప్పుడు బస్సు కండక్టరు. వచ్చి మూడు రోజులే అయినా వార్డంతా ఆయన నోరు తెలుసు. బండి మీద పడుకుని, “పాసు చూపించక్కర్లేదు కదమ్మా?” అన్నాడు. ఆ మూడు మాటలకు మధ్యలో ఒకసారి ఆగాడు. ఆగడం ఆమె విన్నది. విన్నదిగానీ లిఫ్టు తలుపు తెరుచుకుంది, లోపలి మనిషి “తొందరగా, తొందరగా” అన్నాడు, పెద్దాయన వెళ్ళిపోయాడు.

తిరిగి వచ్చేసరికి పది దాటింది. పదిన్నరకు పెద్ద డాక్టరు రౌండు. అప్పటికి పట్టీ నిండాలి. పట్టీ అంటే పెద్ద కాగితం, మంచానికో వరస, జ్వరానికి ఒక గడి, నాడికి ఒకటి, ఊపిరికి ఒకటి. ఆమె బల్ల దగ్గర కూర్చుంది. కూర్చోవడమే తప్పయింది. నడుం నుంచి అరికాళ్ళ దాకా ఏదో జారి కిందికి దిగినట్టయింది, ఇంక లేవబుద్ధి కాలేదు. ఆ రోజు ఆమెకు నిమిషం నిలబడే ఓపిక కూడా లేదు.

పక్కనే నిన్నటి పట్టీ ఉంది. ఒకటి నుంచి పన్నెండు దాకా ఊపిరి గడిలో ఇరవై, ఇరవై, ఇరవై. మొన్నటిదీ అంతే. పెద్దవాళ్ళు మామూలుగా నిమిషానికి పన్నెండు నుంచి ఇరవై సార్లు పీలుస్తారు. ఇరవై అంటే ఎవరూ ప్రశ్నించరు. నిమిషం కలం తీసుకుని ఇవాళ్టి పట్టీలో పైనుంచి కిందికి పన్నెండు ఇరవైలు రాసేసింది. పది సెకన్లు పట్టింది. మూడేళ్ళలో అదే మొదటిసారి.

రౌండు గడిచిపోయింది. పన్నెండింటికి ఇన్‌చార్జి సిస్టర్ పట్టీలు ముందేసుకుని కూర్చుంది. వాటి కింద ‘సరిచూశాను’ అని రాసి సంతకం పెట్టడం ఆవిడ పని. లావుపాటి మనిషి, సాయంత్రానికి పాదాలు చెప్పుల్లో పట్టవు. పిల్లలు ఆవిడను చాటుగా ‘సంతకాలమ్మ’ అంటారు. ఆవిడ ఎప్పుడూ చదవకుండానే సంతకం పెడుతుందని అందరి నమ్మకం. ఆ రోజు మాత్రం కలం గాలిలో ఆగింది.

“ఏయ్, ఇలా రా. ఇదెవరి దస్తూరి?”

“నాదే మేడమ్.”

“పదకొండు చదువు.”

నిమిషం వంగి చూసింది. పదకొండో వరసలో జ్వరం గడి ఖాళీ. నాడి గడి ఖాళీ. మనిషి లేడు కాబట్టి మెరుపు అక్కడ చిన్నగా ‘ఎక్స్‌రే’ అని రాసి వదిలేసింది. ఆ ఖాళీ వరసలో ఊపిరి ఒక్కటే ఉంది. ఇరవై.

“జ్వరం లేదు. నాడి లేదు. ఊపిరి మాత్రం ఉంది,” అంది ఇన్‌చార్జి. “మనిషి ఎక్స్‌రే గదిలో, ఊపిరి మంచం మీద. ఎవరిదమ్మా లెక్కపెట్టావు? దిండుదా?”

పక్క మంచాల వాళ్ళు నవ్వారు. మందుల ట్రాలీ దగ్గర మెరుపు నవ్వు ఆపుకోలేక అటు తిరిగింది.

“రెండింటికి రా. నీ పుస్తకం పక్కన పెడుతున్నా.”

కాలేజీ బండి కోసం బ్యాచ్ పుస్తకాలన్నీ ఆ వార్డులోనే పోగుచేశారు. ఇన్‌చార్జి ఇరవై తొమ్మిది పుస్తకాలు ఒక దొంతరగా పెట్టి, ముప్ఫయ్యోది తీసి కిటికీ గట్టు మీద వేసింది.

మెరుపు ఆమెను మెట్ల దగ్గరకు లాక్కెళ్ళింది. “అక్కా, మేం మూడేళ్ళుగా రాస్తున్నాం. ఒక్కరోజు దొరకలేదు. నువ్వు ఒక్కరోజు రాసి దొరికిపోయావు. రాసే ముందు మంచం మీద మనిషి ఉన్నాడో లేదో చూసుకోవాలి కదా! చేతకాని పనికి ఎందుకు దిగుతావు?”

నిమిషానికి నవ్వు వచ్చింది, ఏడుపూ వచ్చింది. రెండూ బయటకు రాలేదు.

“ఇప్పుడు విను. వరస తప్పానని చెప్పు. పన్నెండోది పదకొండులో పడిందని. ఎవరికైనా జరుగుతుంది. రెండు తిట్లు తిట్టి పెట్టేస్తుంది.”

“పన్నెండోది కూడా చూళ్ళేదు.”

“అది ఆవిడకు తెలుసా? అడిగిన దానికే చెప్పు. ఒకటో తారీకు గుర్తుందా? మీ అమ్మ మోకాలు గుర్తుందా?”

గుర్తుంది. రెండింటిదాకా మందులు ఇస్తున్నా, పక్కలు సర్దుతున్నా గుర్తొచ్చింది అవే. వరస తప్పాను మేడమ్. వరస తప్పాను మేడమ్. లోపల పాఠం వల్లె వేసుకుంటూనే ఉంది.

రెండింటికి ఇన్‌చార్జి దుప్పట్ల గదిలో ఉంది. బోర్లించిన బకెట్ మీద పాదాలు పెట్టుకుని టీ తాగుతోంది. పుస్తకం ఒళ్ళో ఉంది.

“చెప్పు.”

నిమిషం నోరు తెరిచింది. గదంతా ఉతికిన దుప్పట్ల వాసన. లాండ్రీ వాసన. పైనున్న దుప్పటి అంచుకు ఇస్త్రీ మడత సూటిగా ఉంది. ఎవరో నిలబడి చేసిన పని.

“లెక్కపెట్టలేదు మేడమ్.”

“ఆ సంగతి నాకూ తెలిసింది. దిండుకు ఊపిరి ఉండదు.”

“పదకొండు ఒక్కటే కాదు. ఒకటి నుంచి పన్నెండు దాకా. ఏదీ చూళ్ళేదు.”

ఇన్‌చార్జి టీ గ్లాసు కింద పెట్టింది. ఆమె మొహంలోకి చూసింది. కోపం కంటే విసుగే ఎక్కువ కనబడింది.

“నేనడిగింది ఒక్కదాని గురించి కదే. ఒక్కటి తప్పని చెబితే తిట్టి సంతకం పెట్టేదాన్ని. ఇప్పుడు పన్నెండు తెచ్చి నా ఒళ్ళో పోశావు. ఏం చేసుకోను వీటిని?”

ఇన్‌చార్జి బకెట్ మీద నుంచి పాదాలు దించింది.

“ఎర్ర కలం ఉందా? ఒక్కోదానికి ఒక్క గీత. చెరపకు, కెలకకు. తప్పు కనబడాలి. పక్కన పొట్టి సంతకం. పోయి పన్నెండూ చూసి రా.”

డ్యూటీ అయిపోయింది. మిగతా వాళ్ళు బట్టలు మార్చుకుంటున్నారు. నిమిషం ఒకటో మంచం దగ్గర చెయ్యి పట్టుకుని నిలబడింది. కళ్ళు మండుతున్నాయి. దుప్పటి లేస్తోంది, పడుతోంది. ఈసారి అందులో విశ్రాంతి ఏమీ లేదు. పదహారు. రెండు, ఇరవై ఒకటి. మూడు, పద్దెనిమిది. తొమ్మిదో మంచం ఆయన నిద్రలో నవ్వాడు, మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టాల్సి వచ్చింది.

పదకొండు దగ్గర పెద్దాయన దిండు మీద దిండు వేసుకుని కూర్చున్నట్టే పడుకుని ఉన్నాడు.

“మళ్ళీ... చెకింగా?” అన్నాడు.

“నాడి చూస్తున్నా తాతగారూ.”

“చూడు, చూడు. ముప్ఫై ఏళ్ళు... అందరినీ నేను లెక్కపెట్టా. ఇప్పుడు... నా వంతు.”

ఆయన మాట్లాడకుండా ఉండేదాకా ఆగి, లెక్క మొదలుపెట్టింది. నలభై సెకన్లకే ఇరవై వచ్చేసింది. నిమిషానికి ముప్ఫై. తను పొరబడ్డానేమో అనుకుంది. ఇంకో నిమిషం చూసింది. ముప్ఫై ఒకటి. బండి మీద ఆయన మాట మధ్యలో ఆగడం అప్పుడు గుర్తొచ్చింది. చెయ్యి వదిలి పరుగెత్తింది. వార్డులో పరుగెత్తకూడదని మొదటి ఏడే నేర్పారు.

ఇన్‌చార్జి చెప్పులు కూడా వేసుకోకుండా వచ్చింది. పెద్దాయన ఇంకో మణికట్టు పట్టుకుని నిలబడింది. పెదాలు కదులుతున్నాయి. అరవై సెకన్లూ పూర్తిచేసింది. డ్యూటీ డాక్టరును పిలిపించింది. పొద్దున తీసిన ఎక్స్‌రే కవరు మంచం కింది అరలో విప్పకుండా ఉంది. డాక్టరు దాన్ని కిటికీకి ఎత్తి చూశాడు. కుడి ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరింది, తీయాలి అన్నాడు. ముందు ఆక్సిజన్ పెట్టమన్నాడు. మాస్కు పెడుతుంటే పెద్దాయన, “టికెట్టు... ఎక్కడిదాకా?” అని అడిగాడు.

“ఇంటిదాకా. నోర్మూసుకుని కూర్చోండి,” అంది ఇన్‌చార్జి.

ఆ తర్వాత ఆవిడ బల్ల దగ్గరకు వెళ్ళి నిన్నటి పట్టీ తీసింది. పదకొండు, ఇరవై. మొన్నటిది తీసింది. పదకొండు, ఇరవై. రెండింటి కిందా ‘సరిచూశాను’ అని ఆవిడ సంతకం ఉంది. నిమిషం చూడనట్టు గోడ వైపు చూసింది. పట్టీలు మళ్ళీ ఫైల్లోకి వెళ్ళిపోయాయి.

మూడున్నరకు కాలేజీ బండి వచ్చింది. ఇరవై తొమ్మిది పుస్తకాలు ఎక్కాయి.

“నీది పంపలేను,” అంది ఇన్‌చార్జి. గొంతులో ఇందాకటి ఎగతాళి లేదు. “ఎర్ర గీతలున్న పట్టీ పెట్టుకుని ఇవాళ నీ పుస్తకంలో సంతకం పెడితే రేపు వాళ్ళు నన్ను అడుగుతారు. సోమవారం నుంచి ఆరు రోజులు వచ్చి చెయ్యి. తర్వాతి విడతలో పంపిస్తా. పరీక్ష నెల ఆలస్యమవుతుంది, అంతే.”

అంతే అనడం తేలిక. నిమిషం తల ఊపింది.

“కోపమా?”

“లేదు మేడమ్. కాళ్ళు పీకుతున్నాయి.”

“నాకూ,” అంది ఇన్‌చార్జి. “సోమవారం అమ్మాయిలందర్నీ ఏడింటికి నా బల్ల దగ్గరకు రమ్మను. ఊపిరి నా ఎదురుగా చూడాలి అందరూ. మెరుపుతో మొదలుపెడదాం.”

ఆ పేరు ఆవిడకు తెలుసని నిమిషానికి అప్పుడే తెలిసింది. ఆవిడకు తాము పెట్టిన పేరు కూడా తెలిసే ఉంటుంది.

బస్సు స్టాపు దగ్గర నుంచి అమ్మకు ఫోన్ చేసింది. వెనక ఆవిరి శబ్దం వినబడుతోంది. ఉన్నదున్నట్టు చెప్పింది. పన్నెండు ఇరవైలు, దిండు, పెద్దాయన, నెల.

“అయితే ఆయన బతికాడా?” అంది చివరికి.

“బానే ఉన్నాడమ్మా. నీరు తీస్తారు.”

“నువ్వు పొద్దున్నే చూసుంటే పొద్దున్నే తెలిసేది కదే.”

“తెలిసేది.”

ఆవిరి ఒకసారి బుస్సుమంది. “గోడ మీద సున్నా చెరపాలి మరి,” అంది అమ్మ. “ఇక్కడ వీళ్ళు నన్ను ఆటపట్టిస్తారు. పట్టించనీలే. నెల ఎంతలో పోతుంది. తిన్నావా?”

“లేదు.”

“తిని రా.”

అమ్మ పెట్టేసింది. ఆ గొంతులో నెల ఎంత పొడుగో ఆమెకు వినబడింది. అమ్మ ఇప్పుడు బరువు ఎడమ కాలి మీదికి మార్చుకుని ఉంటుంది.

బెంచీ మీద కూర్చుని చేతి రుమాలు కోసం జేబులో చెయ్యి పెడితే మడిచిన కాగితం తగిలింది. అభిప్రాయం ఫారం. పుస్తకంతో పాటు వెళ్ళాల్సింది, పుస్తకంతో పాటే ఆగిపోయింది. విప్పింది. పైనుంచి కింద దాకా నాలుగులు.

మొదటి ప్రశ్న అప్పుడు చదివింది. ‘తరగతిలో నేర్చుకున్నది వార్డులో చేయడానికి మీకు తగినంత సమయం దొరికిందా?’

ఎర్ర కలం ఇంకా జేబులోనే ఉంది. నాలుగు మీద ఒక్క గీత గీసింది. చెరపలేదు, కెలకలేదు. పక్కన రెండు చుట్టింది. అలవాటుగా పొట్టి సంతకం కూడా పెట్టేసింది. పేరు రాయనక్కర్లేదన్న సంగతి తర్వాత గుర్తొచ్చింది. సరేలే అనుకుని రెండో ప్రశ్న చదవడం మొదలుపెట్టింది. దాని తర్వాత ఇంకా పద్దెనిమిది ఉన్నాయి, బస్సు కనుచూపు మేరలో లేదు.